వెబ్‌సైటు వర్తకము – ప్రారంభించువారు ముందుగా నేర్వవలసినది

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద గృహపతి వృత్తాంతము వినని జైన కుటుంబము అరుదు. వాణిజ్యగ్రామ వాసియగు ఆ శ్రావకుడు భగవాన్ మహావీరుని సన్నిధిని వ్రతములు గైకొనునపుడు తన ఆస్తికి హద్దులు ఏర్పరచుకొనెను. అందు బండ్ల లెక్క యొకటి యున్నది. దూరదేశ వర్తకమునకు 500 బండ్లు, స్థానికముగా సరుకు మోయుటకు 500 బండ్లు. రెండు లెక్కలును వేరువేరుగా చెప్పబడుట గమనింపదగినది. కొట్టులో కూర్చుండి ఎదుటనున్న వానికి అమ్ముట ఒక విద్య. కంటికి కనబడని వానికి సరుకు పంపి సొమ్ము రాబట్టుకొనుట మరియొక విద్య. మొదటిది బాగుగా వచ్చినవారికి రెండవది తనంతట వచ్చునని తలచుట పొరపాటు.

నేడు వెబ్‌సైటు నిలబెట్టుట కష్టము కాదు. షాపిఫై వంటి సంస్థలకు నెలకింత అని చెల్లించినచో కట్టియున్న అంగడియే దొరకును. వర్డ్‌ప్రెస్‌పై వూకామర్స్ అను ఉచిత సాధనమును చేర్చి స్వంతముగా కట్టుకొనవచ్చును. చదువుకొన్న పిల్లవాడు వారము దినములలో పని ముగించగలడు. చిక్కంతయు ఇందే యున్నది. వెనుకటి కొట్లలో క్రొత్తగా చేరిన కుర్రవానిని ఏడాది వరకు గల్లా దరికి రానిచ్చెడివారు కారు. మడతలు పెట్టుట, మూటలు కట్టుట, చిట్టా వ్రాయుట నేర్పిన పిమ్మటనే బేరమునకు కూర్చుండబెట్టెడివారు. వెబ్‌సైటు వర్తకమునకు అట్టి ఉమేదువారీ కాలమును ఎవరును విధించుట లేదు. తమకు తామే విధించుకొనవలెను.

మొట్టమొదట నేర్వవలసినది ఒక్క సరుకు లెక్క. షోలాపురమున దుప్పట్లు అమ్ము వర్తకు డొకడున్నాడనుకొందము. దుప్పటి కొన్నవెల రూ. 620, అమ్మకపు వెల రూ. 900. కొట్టులో నైనచో మిగులు రూ. 280, పన్ను మాట వేరు. అదే దుప్పటిని వెబ్‌సైటుపై అమ్మినచో కట్టుబడికి 15, కొరియరునకు 80, సొమ్ము వసూలు ఖర్చు నూటికి 2 చొప్పున 18 పోగా మిగులునది రూ. 167. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సరుకు చేతికి వచ్చిన పిదప డబ్బిచ్చు పద్ధతిపై పంపిన దుప్పటిని తలుపు వద్దనే వలదన్నచో, పోవుటకు 80, తిరిగి వచ్చుటకు 70, కట్టుబడికి 15 – మొత్తము రూ. 165 చేతినుండి పోవును. అనగా ఒక్క తిరుగుమూట ఒక అమ్మకపు లాభమును మ్రింగివేయును. పదింటిలో మూడు తిరిగి వచ్చినచో, ఏడింటిపై వచ్చిన 1,169లో 495 పోయి 674 మాత్రమే నిలుచును. ప్రకటనలకు పెట్టిన ఖర్చు ఇంకను ఇందు చేరలేదు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి; ఎవరి సరుకునకు వారు తమ అంకెలు వేసికొని చూడవలెను. లెక్క కుదరని సరుకును ఎంత అందమైన వెబ్‌సైటును నిలబెట్టలేదు.

కొరియరు తూకము సంగతి చాలమంది నష్టపోయిన పిమ్మట నేర్చుకొనుచున్నారు. కొరియరువారు తక్కెడపై తూకము నొక్కదానినే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000 చేత భాగించి వచ్చిన కిలోలను పరిమాణపు తూకముగా లెక్కింతురు. రెంటిలో ఏది ఎక్కువయైన దానికి ధర కట్టుదురు. పై దుప్పటి తూకము కిలోన్నర లోపుగనే యుండవచ్చును. దానిని 40, 30, 20 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెట్టినచో లెక్కకు 4.8 కిలోలగును. గాలికి బాడుగ కట్టుట యన్నమాట. గట్టిగా మడచి సంచిలో కట్టుట తెలిసిన పాత గుమాస్తా ఇచ్చట ఇంజనీరుకంటె ఎక్కువ ఉపయోగపడును.

ఇక పన్ను. సరిహద్దు పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు దీనిని ప్రత్యేకముగా తెలిసికొనవలెను. సరుకులు మాత్రమే అమ్మువారికి జి.ఎస్.టి. నమోదు అక్కరలేని పరిమితి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఏడాదికి రూ. 40 లక్షలు, యానాము చేరియున్న పుదుచ్చేరిలో రూ. 20 లక్షలు. అమ్మకము అంతకు లోబడి యున్నది గనుక నమోదు అవసరము లేదని వర్తకుడు నిశ్చింతగా నుండును. అయితే ఈ పరిమితి రాష్ట్రము లోపలి అమ్మకమునకే. పన్ను పడు సరుకును పరరాష్ట్రమునకు పంపువారు, చేతిపనుల వంటి కొన్నిటికి గల మినహాయింపు తప్ప, మొదటి మూట నుండియే నమోదై యుండవలెను. యానాము నుండి కాకినాడ గంట ప్రయాణము. చట్టము దృష్టిలో అది పరరాష్ట్రము. బరంపురము నుండి ఇచ్ఛాపురము, బళ్లారి నుండి గుంతకల్లు, హోసూరు నుండి బెంగుళూరు అంతే. బంధువులున్న ఊరు, రోజూ బస్సు నడచు ఊరు అయినను మూట మీద చిరునామా వ్రాయగానే అది అంతర్రాష్ట్ర వర్తక మగుచున్నది.

ఇంతకంటె పెద్ద చిక్కు కాంపొజిషను పద్ధతిలో నున్నవారిది. తక్కువ పన్ను కట్టి, లెక్కల బరువు తగ్గించుకొని హాయిగా నున్న చిన్న కొట్లు ఎన్నో ఈ పద్ధతిలో నున్నవి. ఈ పద్ధతిలో నున్నవారు పరరాష్ట్రమునకు సరుకు అమ్మరాదు. కుమారుడు ఉత్సాహముతో వెబ్‌సైటు తెరచి పొరుగు రాష్ట్రమునకు ఒక్క మూట పంపినను తండ్రి కొట్టునకు ఆ సదుపాయము పోవు ప్రమాదమున్నది. కనుక వెబ్‌సైటు తెరచుటకు ముందు ఆడిటరు వద్దకు పోవలసినది కుమారు డొక్కడు కాదు, తండ్రీ కొడుకు లిద్దరును. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి వారి సంతలో అమ్మదలచిన వారు మరియొక సంగతి ఎరుగవలెను: 2024 జూలై 10 నుండి వారు అమ్మకపు సొమ్ములో నూటికి అర రూపాయి జి.ఎస్.టి. క్రింద పట్టి ప్రభుత్వమునకు జమ కట్టుదురు. అది పోయిన సొమ్ము కాదు, ఖాతాలో తిరిగి వచ్చునదే. చేతిలోని పెట్టుబడి మాత్రము అంతమేరకు తగ్గును.

తత్త్వార్థ సూత్రము సప్తమాధ్యాయమున అచౌర్య వ్రతమునకు చెప్పబడిన అతిచారములలో విరుద్ధరాజ్యాతిక్రమ మొకటి. రాజ్యపు కట్టుబాటును దాటి సరిహద్దుల నడుమ సరుకు నడపుట దాని క్రిందికి వచ్చునని పెద్దలు వివరింతురు. పై సంగతి ఆడిటరు లెక్క మాత్రమే కాదనుటకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. ఆ వరుసలోనిదే ప్రతిరూపక వ్యవహారము, అనగా మేలి సరుకు చూపి నాసి సరుకు అంటగట్టుట. వెబ్‌సైటుపై ఈ దోషము తెలియకయే దొరలును. తయారీదారుడు పంపిన మెరుగు పటమును పెట్టి తన వద్దనున్న చీరను పంపినచో రంగు వేరుగా నుండును. తన సరుకును తానే పగటి వెలుగులో పటము తీయించుట, కొలతలు టేపుతో కొలిచి వ్రాయుట, ఉన్న లోపమును చెప్పుట – ఇవి వ్రతమునకును మంచివి, తిరుగుమూటల లెక్కకును మంచివి.

సత్యవ్రతపు అతిచారములును ఇచ్చట పనికివచ్చుచున్నవి. బంధుమిత్రులచేత కొననివాటికి మెచ్చుకోళ్లు వ్రాయించుట కూటలేఖక్రియ కాక మరేమి? ఈ పని చేయించువారు దానిని ప్రకటన అని పిలుచుచున్నారు! ముందుగా సొమ్ము పుచ్చుకొని సరుకు లేదని తెలిసిన పిమ్మటను తిరిగి ఇచ్చుటకు నెలలు గడుపుట న్యాసాపహారమునకు దగ్గర. కొన్నవారి ఫోను నంబర్లు, చిరునామాలు ఇతరులకు అమ్ముట రహోభ్యాఖ్యానమును పోలినది. దీనిపై 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ వచ్చినది.

వినియోగదారుల రక్షణకై 2020లో వచ్చిన ఇ–కామర్స్ నియమములను వెబ్‌సైటు పెట్టువారు చదువవలెను. వ్యాపారపు చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూచువారి పేరు, వివరములు వెబ్‌సైటుపై ఉండవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి నెల లోపల పరిష్కరింపవలెను. కట్టిన పొట్లములపై ఉండు గరిష్ఠ ధర, నికర తూకము మొదలైనవి తెరపైనను చూపవలెను. తినుబండారములకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల సంఖ్య, బంగారు నగలకు 2023 ఏప్రిల్ 1 నుండి ఆరక్షరముల హెచ్.యు.ఐ.డి. గుర్తుగల హాల్‌మార్కు తప్పనిసరి.

వెబ్‌సైటు పేరు ఎవరి పేర నున్నదో చూచుకొనుట చిన్న పనిగా కనబడును. డొమైను అనబడు ఈ పేరు కొనునది కాదు, ఏడాదికింత చొప్పున కౌలుకు తీసికొనునది. కట్టి యిచ్చినవాడు తన పేర, తన ఈమెయిలుపై నమోదు చేసినచో పదేండ్లు పెంచిన పేరు అతని చేతిలో నుండును. దుకాణపు దస్తావేజు మేస్త్రీ పేర వ్రాయించువా డెవడు? పేరు, సర్వరు, సొమ్ము వచ్చు ఖాతా – మూడును కుటుంబ సభ్యుని పేర, సంకేతపదములు ఇంటి పెద్దకు తెలిసిన చోట నుండవలెను. తెలుగు లిపిలో .భారత్ పేరు కూడ తీసికొనవచ్చును. అయితే కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కొనుగోలుదారులు టైపు చేయుటకు ఇంగ్లీషు లిపిలోని పేరొకటి ఉండుట మేలు.

సొమ్ము విషయమున ఒక్క నియమము చాలును. చెల్లించితిమని పంపిన ఫోను బొమ్మను నమ్మరాదు. బ్యాంకు ఖాతాలో జమ చూచిన పిమ్మటనే మూట కట్టవలెను. యు.పి.ఐ.లో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను కొట్టవలసిన పని ఎన్నడును లేదు. కొట్టమన్నవాడు దొంగ.

దిగ్వ్రతము తీసికొన్న కుటుంబములకు హద్దు అను మాట క్రొత్త కాదు. క్రొత్తగా వెబ్‌సైటు తెరచువాడును మొదటి ఆరు మాసములు తన రాష్ట్రపు పిన్‌కోడ్లకే పంపుటకు హద్దు పెట్టుకొనినచో పైన చెప్పిన పన్ను చిక్కు, తిరుగుమూటల దెబ్బ రెండును తగ్గును. దేశావకాశిక వ్రతధారులకు మాత్రము ఒక సూక్ష్మమైన ప్రశ్న కలదు. హద్దు వెలుపలి వస్తువును రప్పించుట, హద్దు దాటి మనిషిని పంపుట, తన రూపును చూపుట, వస్తువును విసరుట – ఇవన్నియు ఆ వ్రతమునకు అతిచారములుగా చెప్పబడినవి. కొరియరు మూటయు, తెరపై పటమును ఈ పట్టికలో ఎచ్చట నిలుచునో వ్యాసములు తేల్చునది కాదు. మహారాజ్‌గారిని అడిగి తెలిసికొనవలెను.

తెరచుటకు ముందు పది మూటలు వేరువేరు ఊళ్లలోని బంధువులకు, వారు వెబ్‌సైటుపై నిజముగా సొమ్ము చెల్లించి ఆర్డరు పెట్టినట్లుగనే పంపి చూడవలెను. వానిలో రెంటిని తిరిగి పంపుమని చెప్పవలెను. ఎన్ని దినములు పట్టినది, పెట్టె ఎట్లు చేరినది, సొమ్ము ఎప్పుడు జమయైనది, తిరిగి వచ్చిన సరుకు చోపడాలో ఎట్లు వ్రాయబడినది, కొట్టులో అమ్ముడుపోయిన దుప్పటి తెరపై ఇంకను ఉన్నట్లు కనబడుచున్నదా – ఈ పదింటితో తెలియును. పర్యూషణములలో కొట్టు తలుపు మూయుట సులభము. వెబ్‌సైటు సంవత్సరీ నాడును ఆర్డర్లు తీసికొనుచునే యుండును. ఆ దినములలో మూటలు పంపబడవని, ఏ తేదీ నుండి మరల పంపబడునో పది దినములు ముందుగనే ప్రతి సరుకు క్రింద వ్రాసి యుంచవలెను.