కంప్యూటరు పనియందు నేర్చుకొను మనస్సు

మన చిలకలపూడి గిల్టు నగలకు పేరు గన్న యూరు. రాగి, ఇత్తడి వంటి లోహముతో చేసిన నగపై బంగారు పూత నెక్కించుట ఇచ్చటి విద్య. లోహముపై జిడ్డు మిగిలియుండగా పూత వేసినచో నది నిలువదు. కొలది దినములకే లేచిపోవును. కంప్యూటరు పనియందు తెలివి యీ పూతవంటిది. అది నిలుచుటకు అహంకారమను జిడ్డు ముందుగా పోవలెను.

ప్రోగ్రామనగా యంత్రమునకు వరుసగా నిచ్చు ఆజ్ఞల పట్టిక. అందు దొరలు తప్పులు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది వ్రాతలోని తప్పు. ఒక గుర్తు మరచినచో యంత్రమే పని నిలిపి, తప్పు ఏ పంక్తి దగ్గర నున్నదో సాధారణముగా చూపును. రెండవది ఆలోచనలోని తప్పు. యంత్రము చెప్పినట్లు చేయునేగాని, మన యుద్దేశము నెరుగదు. ఈ తప్పును పరీక్షించి మనమే కనుగొనవలెను. లేదా మరియొకరు చూపగా నంగీకరింపవలెను.

ఇది మాకు అనుభవమున తెలిసినది. ఒకప్పుడు మేము తరగతిలో మార్కుల సగటు కట్టు ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాసి చూపితిమి. ఉదాహరణమునకు తీసికొనిన ఐదుగురిలో నలుగురికి 60 చొప్పున మార్కులు. ఐదవవాడు పరీక్షకు రాలేదు. యంత్రము సగటు 48 అని చూపెను. ఎన్నడును నోరు మెదపని యొక బాలుడు లేచి, “మాష్టారండీ, పరీక్ష రాసిన నలుగురికీ అరవయ్యే గదండీ, సగటు నలభై ఎనిమిది ఎట్లా అయిందండీ?” అని యడిగెను. “మాకు తెలియదా?” అను మాట మా నాలుక చివరకు వచ్చెను. దానిని మ్రింగి చూడగా, రానివానికి సున్న వేసి వానిని గూడ లెక్కలో చేర్చియుంటిమి. ఆ బాలుని గద్దించి కూర్చుండబెట్టియుండిన, ఆ తప్పు నిలిచియుండును. ఆ బాలుడు మరల నోరు తెరచియుండడు. రెండవ నష్టమే పెద్దది.

పెద్ద పనులకును ఇదియే నియమము. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశపు హెల్సింకిలో చదువుచున్న 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తాను వ్రాయుచున్న చిన్న ఆపరేటింగ్ సిస్టమును గూర్చి యితరులకు తెలిపి, వారి కోరికల నడిగెను. తరువాత వేలకొలది మంది సవరణలు పంపిరి. ఆ లినక్సే నేడు ఆండ్రాయిడ్ ఫోనులకు పునాది. మన హైదరాబాదున 1967లో జన్మించి, 2014లో మైక్రోసాఫ్టునకు ముఖ్యాధికారియైన సత్య నాదెళ్ల గారును, అన్నియు తెలిసినవారికంటె అన్నియు నేర్చుకొనువారే మేలని తమ సంస్థవారికి బోధించిరి.

మంచి మనస్సొక్కటే చాలదు. గణితమును, నిత్యాభ్యాసమును వలయును. కాని ఆ మనస్సు లేనిదే అభ్యాసము ముందుకు సాగదు.

కావున ప్రియ విద్యార్థులారా, యంత్రము చూపిన తప్పును పూర్తిగా చదువుడు. చేతితో లెక్కకట్టగల చిన్న సంఖ్యలతో మీ పనిని పరీక్షింపుడు. దానిని స్నేహితునకు చూపుడు. పనిలోని లోపము చెప్పినవాడు మిమ్ము నిందించినట్లు తలంపకుడు. తలిదండ్రులారా, “ఎన్ని మార్కులు?” అని యడుగుటతోపాటు, “నేడు ఏ తప్పు దిద్దుకొంటివి?” అనియు అడుగుడు. దిద్దుబాటును ప్రేమించుట జ్ఞానమునకు మార్గమని సామెతల గ్రంథము మనకు నేర్పుచున్నది గదా.