పొట్టి నారే కొనుక్కో చెల్లాయ్

నర్సరీలో ట్రేల వరస ముందు నిలబడగానే నీ చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు చెల్లాయ్. అన్నిటికంటే పొడుగ్గా పెరిగిన నారు మీదికే. "ఇది తీసుకోండమ్మా, తొందరగా కాపుకొస్తుంది" అని అక్కడి అబ్బాయి కూడా వంత పాడతాడు. వినకు. ఎండ చాలక, ఇరుకులో ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగిన నారు అది. కాడ పురికొసలా ఉంటుంది, నాటిన మర్నాడు గాలి వీస్తే వాలిపోతుంది. బెత్తెడు ఎత్తుండి, కాడ దిట్టంగా, ఆకు ముదురాకుపచ్చగా ఉన్నదాన్ని చూసుకో.

ట్రే నారులో అసలు సంగతంతా కింద ఉంటుంది. మొహమాటపడకుండా ఒక మొక్క తీసి చూపించమను. కాడ పట్టి లాగనివ్వకు. ట్రే అడుగున చిల్లు ఉంటుంది, అక్కడ వేలితో నెడితే కొబ్బరి పొట్టు ముద్ద మొత్తం వేళ్ళతో అల్లుకుని ట్రే గుంత ఆకారంలోనే పైకి రావాలి. వేళ్ళు తెల్లగా ఉండాలి. పొట్టు పొడిపొడిగా రాలిందా, ఇంకా లేత. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి అడుగున చుట్టలు చుట్టుకున్నాయా, అది ముదిరిన నారు, ఊరికే ఇచ్చినా వద్దు. పెద్ద కుండీలో పెట్టినా ఆ వేళ్ళు చాలాకాలం ఆ చుట్టులోనే తిరుగుతుంటాయి. మొక్క జానెడు కాకముందే నాలుగు పూలు పూసి అక్కడితో ఆగిపోతుంది.

విత్తిన తేదీ అడగడం అలవాటు చేసుకో. టమాటా, క్యాబేజీ అయితే 25 నుంచి 30 రోజులు, వంగ 30 నుంచి 35, మిరప 35 నుంచి 40 రోజుల నారు బాగుంటుంది. రకం పేరుతో బిల్లు కూడా తీసుకో. ఉద్యాన నర్సరీలు రిజిస్టరు చేయించుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లోనే చట్టం వచ్చింది. పది మొక్కలకి బిల్లేమిటని వాళ్ళు నవ్వితే నవ్వనీ.

మన అమ్మమ్మలు మడిలో నారు పోసి, పీకి నాటినవాళ్ళే కదా, ఇప్పుడీ ట్రేలెందుకు అంటావా? మడిలోంచి పీకినప్పుడు సన్నవేళ్ళు సగం మట్టిలోనే తెగి ఉండిపోతాయి. అందుకే నాటిన నాలుగైదు రోజులు మొక్క తల వేలాడేసేది. ట్రేలో ఏ గుంత మొక్క ఆ గుంతదే, వేరు తెగే పనే లేదు. హైబ్రిడ్ విత్తనం ధర పెరిగాక ఒక్క గింజ కూడా వృథా చేసుకోలేక మదనపల్లె వైపు టమాటా రైతులు, గుంటూరు వైపు మిరప రైతులు చాలామంది షేడ్‌నెట్ నర్సరీల దారి పట్టారు. మిద్దె మీద నాలుగు కుండీలున్న మనకి ఇంకా మేలు. ఆరు మిరప మొక్కల కోసం ప్యాకెట్ విత్తనం కొనక్కర్లేదు.

ఇంటికి తెచ్చిన రోజే నాటేయాలని తొందరపడకు. పచ్చనెట్ నీడలో పెరిగినవి నేరుగా మిద్దె ఎండలోకి వస్తే ఆకులు తెల్లగా మాడతాయి. రెండు మూడు రోజులు పొద్దుటెండ మాత్రం చూపించి, మధ్యాహ్నానికి నీడకి జరుపు. ఆ తర్వాత సాయంత్రం పూట నాటుకో. నాటే ముందు ట్రేని బకెట్ నీళ్ళలో పొట్టు బాగా నానేదాకా ఉంచి తియ్యి.

ఇక ఇది జాగ్రత్తగా విను. "రోజూ నీళ్ళు పోస్తున్నానక్కా, మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది" అని ఎంతమంది అడుగుతారో! కుండీ మట్టి తడిగానే ఉంటుంది, మధ్యలో ఉన్న పొట్టు ముద్ద ఎండిపోయి ఉంటుంది. వేళ్ళన్నీ ఇంకా ఆ మూడు నాలుగు చెంచాల పొట్టులోనే ఉన్నాయి మరి. కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే ముడుచుకుని చుట్టూ మట్టిని వదిలేస్తుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి. పొట్టు పైకి కనబడేలా నాటితే ఆవిరి ఇంకా త్వరగా లాగేస్తుంది. అందుకని ముద్ద మీద అరంగుళం మట్టి కప్పి, చుట్టూ వేళ్ళతో నొక్కి, మొదటి వారం నీళ్ళు కుండీ అంచున కాకుండా సరిగ్గా మొదట్లోనే పొయ్యి. వేళ్ళు బయటి మట్టిలోకి పాకాక ఇక దాని బతుకు అది చూసుకుంటుంది.

టమాటా ఒక్కటి వేరే లెక్క. దాని కాడకి ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేళ్ళు పుడతాయి. కింది ఆకులు గిల్లేసి కాడ సగం దాకా పూడ్చినా సంతోషమే. వంగ, మిరపల్ని అంత లోతుకి పూడ్చకు, మొదలు కుళ్ళుతుంది.

క్యారెట్, ముల్లంగి ట్రేలో కనబడితే పక్కకి జరుగు. వాటికి తల్లివేరే పంట, గుంతలో వంకర తిరిగిందంటే దుంపా వంకరే. బెండ, చిక్కుడు గింజలు ఎలాగూ త్వరగానే మొలుస్తాయి, నేరుగా కుండీలోనే గుచ్చేసెయ్. బీర, కాకర, దోస ట్రే నారు కొనొచ్చు గాని రెండు వారాలు దాటింది కొనకు, వాటి వేళ్ళకి కదిలిస్తే కోపం.

సొంతంగా పోసుకోవాలనిపిస్తే 98 గుంతల ట్రే ఒకటి చాలు. దానికి కిలో పైచిలుకు పొట్టు పడుతుంది. పొట్టులో బలమేమీ ఉండదు కాబట్టి వర్మీకంపోస్టు కలుపు. మొలిచాక నీళ్ళు ఎక్కువైతే నారుకుళ్ళు వచ్చి తెల్లారేసరికి మొక్కలు మొదట్లో విరిగి పడుంటాయి. ట్రే ఎత్తి చూసి, తేలిగ్గా అనిపిస్తేనే నీళ్ళు చల్లు.

అన్నట్టు, బతుకమ్మకి మన ఇంటి బంతిపూలే పేర్చాలని అడిగావు కదా. బంతి ట్రే నారు మూడు వారాలది తెచ్చి, పండక్కి రెండు నెలల ముందు నాటుకో. నాటిన మూడు నాలుగు వారాలకి నడి చిగురు తుంచితే పక్కకొమ్మలు వచ్చి పూలు ఎక్కువ పూస్తాయి, కాకపోతే పూత వారం పది రోజులు వెనక్కి పోతుంది. అందుకని సగం మొక్కలకి తుంచి, సగం అలాగే వదిలెయ్. తుంచనివి మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నాటికి, తుంచినవి చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి అందుకుంటాయి.