వాగుమట్టి చెప్పు సాక్ష్యము

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దిన తరములు మన తెలుగునాట అనేకములు. ఆ పలకరాయి కంటికి కనబడునది. సీసము, రాగి మొదలగు లోహముల ముడిఖనిజములు తరచు మట్టిక్రిందను అడవిమాటునను దాగియుండును. కొండనంతయు త్రవ్వక వాని యునికిని తెలిసికొనుట యెట్లు?

వాన కొండరాతిని అరగదీయును. ఆ పొడి వాగులోబడి పల్లమునకు వచ్చును. కావున వాగడుగున నుండు ఒండ్రుమట్టి, ఎగువ నేలయంతటికి మచ్చుతునక యగును. పరిశోధకులు దానిని పిడికెడు తీసి, ఎండబెట్టి, సన్నని జల్లెడబట్టి, పదిలక్షల భాగములలో లోహ మెన్ని భాగములున్నదో రసాయనశాలలో లెక్కింతురు.

ఒక లెక్క నూహింతము. రెండు సమానమైన వాగులు కలిసినచోట దిగువ మట్టిలో సీసము 80 భాగములున్నది. ఎగువ ఎడమవాగులో 20, కుడివాగులో 140 కలవు. అప్పుడు కుడివాగు వెంట పైకి బోవలెను. ఎచట అంకె హఠాత్తుగా తగ్గునో, దానికి కొంచెము దిగువనే సీసము వాగులో చేరుచున్నదని గ్రహింపవచ్చును. అయినను త్రోవప్రక్క చెత్త, పాత లోహపుముక్కలు మనలను మోసపుచ్చవచ్చును. కావున మచ్చు తీసిన చోటును జాగ్రత్తగా వ్రాసికొనవలెను.

మన నల్లమల శిలలను గూర్చి విలియం కింగు దొర 1872లోనే గ్రంథము ప్రకటించెను. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల వద్ద బండ్లమొట్టులో సీసమును, నల్లకొండలో రాగియు కనుగొనబడినవి.

కాని కనుగొనుట వేరు, త్రవ్వుట వేరు. పిడికెడు మట్టి తీసినందున అడవికి హాని లేదు. పిమ్మట వచ్చు బాటలు, లోతు బోరులు అట్టివి కావు. నల్లమల పులులకును చెంచులకును నివాసము. 2019లో అమ్రాబాదు అడవిలో యురేనియ మన్వేషింప దలపెట్టగా ప్రజలు ప్రతిఘటించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకమునకు వ్యతిరేకముగా తీర్మానించెను.

ఈ శాస్త్రము లోహములకే పరిమితము కాదు. మన పడమటి పల్లెలలో అనేకచోట్ల రాళ్లనుండి ఫ్లోరైడు బావినీటిలో దిగి పండ్లను, ఎముకలను చెరచుచున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. నీరు తేటగా నున్నంతమాత్రమున మంచిదని నమ్మరాదు. తలిదండ్రులారా, మీ బావినీటిని పరీక్ష చేయింపుడు. మన నేలలో వెదకవలసిన మొదటి నిధి యదియే యని మేము తలంచుచున్నాము.