ఇరుకు పాయలో ఎదురెదురుగా పడవలు: బాధ్యత ఎవరిది?

యానాం వద్ద గౌతమి నుండి విడివడిన కోరింగ నది మడ అడవుల వైపు సాగుతుంది. గౌతమిలో రెండు పడవలు ఎదురైతే తప్పుకొనుటకు చోటుంటుంది. ఇరుకు పాయలలో అంత వెసులుబాటు ఉండదు. పోటు సమయంలో గట్ల వరకు నిండుగా కనిపించే నీరు, తీసిన తరువాత మేటల నడుమ సన్నని దారిగా మిగులుతుంది. పైగా పడవకు బండి వలె బ్రేకు లేదు. మర ఆపినా కొంత దూరం ముందుకే పోతుంది.

ఓడలు, పడవలు ఢీకొనకుండ పాటించవలసిన అంతర్జాతీయ నియమాలు 1972లో రూపొంది, 1977 జూలై 15 నుండి అమలులోకి వచ్చినవి. సముద్రానికే గాక, దానితో కలిసి ఓడలు తిరుగగల జలాలకు కూడా అవి వర్తిస్తాయి. ఇరుకు దారులకు సంబంధించినది వాటిలో తొమ్మిదవ నియమం. ప్రతి పడవ, క్షేమంగా వీలైనంత వరకు, తన కుడివైపు అంచుకు దగ్గరగా సాగవలెను. రహదారిపై మనకు ఎడమ, నీటిపై కుడి.

చిక్కు వచ్చేది మలుపులలో. ప్రవాహానికి ఎదురు వెళ్లేవారు ఉరవడి తక్కువగా ఉండే లోపలి గట్టును ఆశ్రయిస్తారు. తెడ్డు వేసేవాని కష్టం ఎరిగినవారు దీనిని తప్పుపట్టలేరు. కాని ఆ గట్టు ఎడమవైపున ఉన్నప్పుడు, మడచెట్ల చాటున వాలు వెంట వచ్చే మరపడవకు అతడు సరిగా ఎదురుపడతాడు. అందుకే మలుపు కనబడనిచోట నాలుగు నుండి ఆరు సెకన్ల దీర్ఘమైన కూత వేయవలెనని, అవతలివారు అదే కూతతో బదులీయవలెనని నియమం. పన్నెండు మీటర్లలోపు పడవకు ఈల తప్పనిసరి కాదు. అయినను గట్టిగా వినిపించు సాధనమేదో ఒకటి ఉండి తీరవలెను. మర మ్రోతలో ఎదుటి కూత వినబడదు గనుక, మలుపుకు ముందే వేగం తగ్గించుట రెండు విధాల మేలు.

ఇరవై మీటర్లలోపు పడవలు, తెరచాప పడవలు ఆ ఇరుకు దారిలో తప్ప క్షేమంగా నడువలేని పెద్ద నౌకకు అడ్డు రాకూడదు. చేపలవేటలో ఉన్నవారు ఆ దారిన పోయే ఏ పడవకూ అడ్డు కాకూడదు. దారికి అడ్డంగా వల పరచుట ఈ కోవలోనిదే. ఇది చదివి పెద్ద పడవ సరంగు దారి తనదేనని భావించరాదు. ఢీకొనే ప్రమాదం ఏర్పడినప్పుడు తప్పించుకొనవలసిన బాధ్యత అతనిపై కూడా పూర్తిగా ఉంటుందని ఎనిమిదవ నియమం స్పష్టం చేస్తున్నది. నిర్లక్ష్యం వలన కలిగిన ఫలితాలకు సరంగు, సిబ్బందితో పాటు యజమాని కూడా జవాబుదారి. గట్టున ఉన్న యజమాని ఈ మాటను తరచు మరచిపోతుంటాడు.

ప్రమాదం ఉన్నదో లేదో సందేహం కలిగితే, ఉన్నట్లే ఎంచవలెను. ఎదుటి పడవ ఉద్దేశం అంతుపట్టనప్పుడు మరపడవవారు వెంటవెంటనే కనీసం ఐదు పొట్టి కూతలు వేయవలెను. తెడ్డుతో నడిచే చిన్న పడవలో చీకటి పడిన తరువాత టార్చి గాని, వెలిగించిన లాంతరు గాని చేతికందేచోట ఉండవలెను. వలల అడుగున ఉన్న టార్చిని వెదికి తీసేలోగా ఎదుటి పడవ మీదికి వచ్చేస్తుంది.