మన గురించి టామీ ఏమనుకుంటోంది?

"నేను బడికెళ్తే టామీ బెంగపెట్టుకుంటుంది." "పిల్లికి అమ్మంటేనే ఇష్టం, నేనంటే కోపం." ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే పసివాళ్ల నోట ఇలాంటి మాటలు వస్తూనే ఉంటాయి. మనం నవ్వి ఊరుకుంటాం, లేదా "జంతువులకేం తెలుస్తుంది, వెళ్లి హోంవర్క్ చేసుకో" అంటాం. ఆ మాటను అంత తేలిగ్గా పోనివ్వకండి. ఎదుటి ప్రాణికీ ఒక మనసుందని, అది తన మనసులాంటిదే కానక్కర్లేదని బిడ్డ నేర్చుకుంటున్న వేళ అది.

ఈ తెలివి పుట్టుకతో రాదు. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకొక చిన్న కథ చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమరలో దాచి ఆడుకోవడానికి వెళ్తాడు. అతను లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక అతను ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా కొత్త చోటే చూపిస్తారు. తమకు తెలిసింది అతనికీ తెలుసనుకుంటారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి ఆ తేడా నెమ్మదిగా పట్టుబడుతుంది. దాన్ని రోజూ సాధన చేయడానికి ఇంట్లోని మూగజీవిని మించిన తోడు లేదు.

కాబట్టి పిల్లలు టామీ తరఫున మాట్లాడుతుంటే మాట్లాడనివ్వండి. తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: "అలా అనుకుంటోందని నీకెలా తెలిసింది?" అప్పుడు వాళ్లు దాని తోక వైపు, చెవుల వైపు చూస్తారు. దగ్గరికొస్తోందా, పక్కకు జరుగుతోందా అని గమనిస్తారు. అలా సరిచూసుకోకపోతే మన కోపాన్నీ మన ముద్దునూ దానికి అంటగడతాం.

పెద్దవాళ్లమూ ఇక్కడ పొరబడతాం. చెప్పు కొరికిన కుక్క తల వంచి, ఓరచూపు చూస్తే తప్పు ఒప్పుకుందనుకుంటాం. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరీక్షించారు. వద్దన్న తిండిని కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ చూపు ఎక్కువగా కనిపించింది. అసలు తినకుండానే తిట్లు పడ్డ కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. కుక్క స్పందించేది మన గొంతుకి. ఈ సంగతి పిల్లలకు చెప్పండి, మీరూ గుర్తుంచుకోండి. మనం గద్దిస్తే తల దించుకున్న బిడ్డ తప్పు చేశాడని అర్థం కాదు, భయపడ్డాడని అర్థం.

కుక్క లోకం ఎలా ఉంటుందో కూడా పిల్లలకు చెప్పండి. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. పచ్చగడ్డిలో ఎర్రబంతి వేస్తే రంగును బట్టి పోల్చుకోలేదు. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకు 40,000 దాటినా వినిపిస్తుంది. మనకు వినపడని సన్నటి చప్పుళ్లు కూడా దాని చెవిన పడతాయి. దీపావళి రాత్రి అది మంచం కింద దూరితే బయటికి లాగొద్దని, తలుపులు మూసి పక్కన కూర్చోవచ్చని ఇది తెలిసిన పిల్లలే మీకు చెబుతారు.

పిల్లి సంగతి వేరు. కుక్క తోక ఊపినట్టే పిల్లి కూడా సంతోషంతో ఊపుతోందని పిల్లలు పొరబడతారు. పిల్లి తోకను విసురుగా అటూ ఇటూ కొడుతుంటే విసిగిందని అర్థం. దాన్ని వదిలేయాలి. స్నేహం కావాలంటే కాస్త దూరంగా కూర్చుని, దాని వైపు చూస్తూ కళ్లను నెమ్మదిగా సగం మూసి తెరవమనండి. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చేసిన మనుషులకు పిల్లులు కూడా కళ్లార్పి బదులిచ్చాయి, చేయి చాస్తే దగ్గరికొచ్చాయి.

ఈ గమనింపు పిల్లల ఒంటికీ రక్ష. పిల్లలకు ముద్దొస్తే గట్టిగా వాటేసుకుంటారు. చాలా కుక్కలకు అది నచ్చదు. ఊరికే ఆవలించడం, మూతి నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. గుర్రుమంటే దాన్ని తిట్టకండి, బిడ్డను మెల్లగా పక్కకు తీయండి. హెచ్చరిక మాన్పించిన కుక్క ఈసారి చెప్పకుండానే కరవవచ్చు. తింటున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు, తన కూనలకు పాలిస్తున్నప్పుడు దాని జోలికి పోకూడదు. చిన్నపిల్లల్నీ కుక్కనూ ఒంటరిగా వదలనే వద్దు.

పన్ను దిగినా, గోరు గీరుకున్నా వెంటనే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. పెంపుడు కుక్కే కదా అనుకోకుండా ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. సమయానికి వేసిన టీకాలు కాపాడతాయి. తిడతారన్న భయంతో పిల్లలు గాటు దాచే ప్రమాదం ఉంది. "ఏం జరిగినా చెప్పు, కోప్పడం" అని ముందే మాటివ్వండి.

ఒక్కోసారి పిల్లల ప్రశ్న మనకే తగులుతుంది. "పంజరంలో రామచిలక ఏమనుకుంటుంది?" అని అడిగితే మాట మార్చకండి. దాన్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని, ఎగరాల్సిన పక్షిని కొనితేకూడదని నిజమే చెప్పండి.

చివరగా, ఇంట్లోని జీవి మనసు ఊహించిన బిడ్డకు దాని కోసం చేసేందుకు ఒక పనీ ఇవ్వండి. అయిదేళ్ల పిల్ల నీళ్లగిన్నె నింపగలదు, పదేళ్లవాడు మీతోపాటు కుక్కను నడకకు తీసుకెళ్లగలడు. టీకాలు, తిండి, వైద్యం మాత్రం మీ బాధ్యతే, వాటిని పిల్లల మీద వదలకండి. టామీకి దాహమేస్తోందేమో అని లేచి చూసే అలవాటైన పిల్లలు అమ్మ అలసటనూ, మాట్లాడలేని తాతయ్య అవసరాన్నీ అడగకుండానే కనిపెడతారు.