మధుమేహము - గుండెకు ముప్పు

గుంటూరునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై, నగరము దాటిన కొలదిసేపటికే పెదకాకాని గ్రామము వచ్చును. మల్లేశ్వరస్వామి కోవెలకు వచ్చు యాత్రికులతోను, ప్రత్తి, మిరప బస్తాలతో పోవు బండ్లతోను ఆ త్రోవ ఎల్లప్పుడును సందడిగా నుండును. ఆ రహదారి ప్రక్కనే శంకర కంటి ఆసుపత్రి కలదు. చూపు తగ్గినవారు చుట్టుప్రక్కల పల్లెలనుండి ఇట్టి ఆసుపత్రులకు వచ్చుచుందురు. అట్లు వచ్చిన ఒక రైతును మనము ఊహించుకొందము.

అతనికి అరువదియేండ్లు. నాలుగెకరముల మిరపచేను కలదు. కొంతకాలముగా అతనికి చూపు మసకబారినది. కంటిలో శుక్లము పెరిగినదని తలచి, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వచ్చెను. వైద్యుడు కంటిలోపలి నేత్రపటలమును పరికరముతో చాలసేపు పరిశీలించి, "అయ్యా, మీకు చక్కెర వ్యాధి ఎన్నాళ్లనుండి ఉన్నది?" అని అడిగెను.

"నాకు చక్కెర వ్యాధి లేదండీ. తీపి తినుట నాకు అలవాటే లేదు" అని రైతు బదులు చెప్పెను.

రక్తపరీక్ష చేయగా వ్యాధి ఉన్నదని తేలెను. కంటిలోని గుర్తులను బట్టి అది చాల యేండ్లనుండి ఉన్నదని వైద్యుడు గ్రహించెను. అంతటితో ఊరకొనక, "మీరు ఆలస్యము చేయక గుండె పరీక్ష కూడ చేయించుకొనవలెను" అని చెప్పెను. కంటికొరకు వచ్చినవానిని గుండె పరీక్షకు పంపుటయేమని రైతు ఆశ్చర్యపడెను. మీకును ఆ సందేహమే కలుగవచ్చును. దానికి సమాధానము తెలిసికొనుటయే ఈ పాఠము ఉద్దేశము.

మన దేహములోని రక్తనాళములను కోతలేకుండ కన్నులార చూడదగిన చోటు నేత్రపటలము. అక్కడి సన్నని నాళములు చెడి రక్తము చెమ్మగిల్లుచున్నచో, గుండెలోను, మూత్రపిండములలోను, పాదములలోను గల నాళములు కూడ చెడుచుండవచ్చునని వైద్యులు అనుమానింతురు. ఒక గదిలో గోడ చెమ్మగిల్లినచో ఇల్లంతయు పరీక్షించు గృహస్థువలె వారు తక్కిన అవయవములను కూడ పరీక్షింతురు.

మధుమేహము కొత్త వ్యాధి కాదు. కొందరు రోగుల మూత్రమునకు చీమలు చేరుటను మన ప్రాచీన వైద్యులు గమనించి, ఆ వ్యాధికి ఈ పేరు పెట్టిరి. 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రమును ఇగురబెట్టి, అందు చక్కెర ఉన్నదని నిరూపించెను. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అను జర్మన్ వైద్యులు ఒక కుక్కకు క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చెను. ఈ వ్యాధి మూలము క్లోమములో కలదని ఆ విధముగా తెలిసినది. 1921లో కెనడా దేశమునందలి టొరాంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమమునుండి ఇన్సులిన్ అను పదార్థమును తీసిరి. 1922 జనవరిలో చావునకు సిద్ధముగానున్న పదునాలుగేండ్ల బాలునకు దానిని ఇచ్చిరి, అతడు బ్రదికెను. ఈ మందుపై తమకు గల హక్కును ఆ పరిశోధకులు నామమాత్రపు వెలకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

ఇన్సులిన్ చేయు పని యేమి? కృష్ణాడెల్టా కాలువలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. మనము తిన్న అన్నము జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. రక్తమును కాలువగాను, గ్లూకోజును అందు పారు నీరుగాను, దేహములోని కణములను పంటపొలములుగాను భావింపుడు. నీరు కాలువలో ఉన్నంతమాత్రమున పైరు పండదు. లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తవలెను. ఆ లస్కరే ఇన్సులిన్.

కొందరికి, ముఖ్యముగా పిల్లలకు, క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములు నశించును. అనగా లస్కరే లేడు. వీరు ప్రతిదినము ఇన్సులిన్ సూదిమందు తీసికొనవలెను. ఎక్కువమందికి వచ్చునది రెండవ రకము. ఇందు లస్కరు ఉన్నాడు కాని, తూము తలుపులు తుప్పుపట్టి కదలవు. అతడు బలమంతయు పెట్టి కొన్నేండ్లు వానిని ఎత్తును, తుదకు అలసిపోవును. అప్పుడు కాలువ నిండి గట్లు పొర్లుచుండును, పొలము మాత్రము ఎండుచుండును. రోగికి రక్తములో చక్కెర పొంగిపొర్లి మూత్రములో పోవుటయు, దాహమగుటయు, ఎంత తిన్నను నీరసము తీరకుండుటయు ఇందువలననే. తీపి తినకున్నను ఈ వ్యాధి రావచ్చును. ఏలనన, తెల్లని వరియన్నము కూడ తుదకు గ్లూకోజుగానే మారును.

ఇక గుండె సంగతి చూతము. గట్లు తెంచుకొను వరద ఒక్క దినములో చేయు నష్టమును, నిత్యము గట్టును నానబెట్టు నీరు ఏండ్లతరబడి చేయును. రక్తములో ఎక్కువైన చక్కెర నాళముల లోపలిపొరను అట్లే చెరచును. చెడినచోట కొవ్వు చేరి పేరుకొనును. మధుమేహముతోపాటు రక్తపు పోటు పెరుగుటయు, రక్తములో చెడుకొవ్వు అధికమగుటయు తరచుగా సంభవించును గనుక ఈ చెరుపు త్వరపడును. గుండె కండరమునకు రక్తమునందించు హృద్ధమనులు సన్ననివి. వానిలో పేరుకొన్న కొవ్వు ఒకనాడు పగిలి, దానిపై రక్తము గడ్డకట్టినచో త్రోవ మూసికొనిపోవును. ఆ ధమని పోషించు కండరము చనిపోవ మొదలిడును. దీనినే గుండెపోటు అందురు.

ఈ సంబంధమును ఊహతో కాక లెక్కతో తేల్చినవారు కలరు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణములో 1948లో ఐదువేలమందికి పైగా స్త్రీపురుషులను ఎన్నుకొని, వారి ఆరోగ్యమును దశాబ్దములతరబడి పరిశీలించిరి. మధుమేహము గలవారికి గుండె, రక్తనాళముల వ్యాధులు వచ్చు అవకాశము తక్కినవారికంటె రెండు మూడు రెట్లు అధికమని 1979లో ఆ పరిశోధకులు ప్రకటించిరి.

ఈ వ్యాధి నేడు లోకమంతయు వ్యాపించినది. 1990లో ప్రపంచమున 20 కోట్లమందికి మధుమేహ ముండగా, 2022 నాటికి ఆ సంఖ్య 83 కోట్లకు చేరినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన పరిశీలన ప్రకారము మన దేశములో 10 కోట్లకు మించిన జనులకు ఈ వ్యాధి కలదు.

ఇది పట్టణవాసుల జబ్బని తలచుట పొరపాటు. ఏలూరు ప్రాంతపు పల్లెలలో జరిపి 1989లో ప్రకటించిన ఒక పరిశీలనలో, మధుమేహము కలదని తెలిసినవారు నూటికి ఇద్దరికంటె తక్కువ. 2006లో ప్రకటింపబడిన వేరొక పరిశీలన గోదావరి జిల్లాలలోని ఇరువది గ్రామములలో జరిగినది. అందు ముప్పదియేండ్లు దాటినవారిలో నూటికి పదుమువ్వురకు మధుమేహ మున్నట్లు తేలెను. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి వ్యాధి ఇన్ని రెట్లు పెరిగినదని చెప్పరాదు. మొదటి పరిశీలన అన్ని వయస్సులవారిలో వ్యాధి సంగతి ముందే తెలిసినవారిని మాత్రమే లెక్కించినది. రెండవది ముప్పది దాటినవారి రక్తమును పరీక్షించినది. అయినను రెండవ పరిశీలన ఒక గొప్ప సత్యమును బయటపెట్టినది. ఆ పదుమువ్వురిలో దాదాపు సగముమందికి, మన రైతువలెనే, తమకు వ్యాధి కలదని తెలియనే తెలియదు. ఆ గోదావరి ప్రాంతముననే నలుబదియైదు గ్రామములలో 2003-04లో సంభవించిన మరణములను విచారింపగా, నూటికి ముప్పదిరెండు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవని తేలెను. అంటువ్యాధులచే మరణించినవారు నూటికి పండ్రెండుగురు మాత్రమే.

పల్లెలలో ఈ మార్పు ఎట్లు వచ్చినది? మన తాతలనాడు మెట్టసీమలో జొన్న, సజ్జ, వరిగ ముఖ్యాహారములు. 1855లో కృష్ణకు ఆనకట్ట ముగిసినది. 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వచ్చినది. నీటితోపాటు వరియు వచ్చినది. ఆకలి తీరినది, అది మేలే. కాని దంపుడు బియ్యముపోయి మరబియ్యము వచ్చుటతో ధాన్యపు పైపొరలోని పీచు పోయినది. నాడు కపిల తోలి, నాగలి పట్టి, సంతకు నడచిన దేహము నేడు మోటారు మీట నొక్కి, ట్రాక్టరుపై కూర్చుండి, మోటారుసైకిలుపై తిరుగుచున్నది. శ్రమ తగ్గినది కాని, కంచములో అన్నము తగ్గలేదు. మనుష్యులు పూర్వముకంటె ఎక్కువకాలము జీవించుట కూడ సంఖ్య పెరుగుటకు ఒక కారణము.

దీనికితోడు మనదేశీయులకు ఒక బలహీనత కలదు. చూచుటకు సన్నగానున్నను, కడుపుచుట్టు కొవ్వు చేరుట మనలో అధికము. 52 దేశములలో జరిపిన ఒక పరిశోధనలో, దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53వ యేటనే వచ్చుచున్నదనియు, అది తక్కిన దేశములవారికంటె ఐదారేండ్లు ముందనియు తెలిసినది. కుటుంబమును పోషించువాడు పోవుటకు ఇంతకంటె విషమమైన వయస్సు లేదు.

మరల మన రైతు కడకు పోదము. వైద్యుడు చెప్పిన మాటను అతడు పెడచెవిని పెట్టెను. అది మిరపకోతల కాలము. కూలీలు దొరకుట కష్టము. కాయ కళ్లములో ఎండుచున్నది; వానపడినచో రంగు చెడును. "కోతలు ముగిసి, సరకు యార్డుకు చేర్చిన పిదప గుండె సంగతి చూచుకొందునులే" అని అతడు మనుమనితో అనెను.

పది దినములు గడచెను. ఒకనాటి తెల్లవారుజామున అతనికి ఒడలంతయు చెమటపట్టెను. ఊపిరి ఆడలేదు. వాంతి వచ్చునట్లుండెను. కాని రొమ్ములో నొప్పి లేదు. "రాత్రి తిన్నది అరుగలేదు. సోడా త్రాగినచో తగ్గును" అని అతడు చెప్పగా ఇంటివారు నమ్మిరి. మనుమడు మాత్రము నమ్మలేదు. మధుమేహము నరములను మొద్దుబార్చుననియు, అందుచే కొందరికి గుండెపోటు నొప్పిలేకుండగనే వచ్చుననియు వైద్యుడు ఆనాడు చెప్పిన మాట అతనికి జ్ఞప్తికి వచ్చెను. "తాతయ్యా, ఇది అజీర్తి కాదు" అని, అతడు వెంటనే 108కి ఫోను చేసెను.

అది గుండెపోటే. సకాలమున ఆసుపత్రికి చేర్చుటచే రక్తపుగడ్డ కరగుటకు మందు ఇచ్చిరి, రైతు బ్రదికెను. గుండె కండరములో కొంతభాగము మాత్రము తిరిగిరాలేదు. అతడు ఇప్పుడు కళ్లములో బస్తా ఎత్తలేడు. కోతలకు ముందే పరీక్ష చేయించుకొన్నచో, ఆ బలము నిలిచియుండెడిదేమో! దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుట ఇందులకే.

ఈ ముప్పును తప్పించుకొను ఉపాయములు కలవు. రక్తములో చక్కెర హద్దునకు చేరువలోనున్నవారు బరువు తగ్గించుకొని, వారమునకు రెండున్నర గంటలు చురుకుగా నడచినచో మధుమేహము వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గునని అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఒక పరిశోధన చూపినది. మద్రాసులో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో కూడ ఆహార వ్యాయామ నియమములవలన మంచి ఫలితము కలిగెను. వ్యాధి వచ్చిన పిమ్మట కూడ చక్కెరను, రక్తపు పోటును, కొవ్వును మూడింటిని అదుపులో నుంచుకొన్నచో గుండెను చాలవరకు కాపాడుకొనవచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టులను పూర్తిగా మానవలెను. పొగాకు పొగ కూడ నాళముల లోపలిపొరనే చెరచును.

ఆహారము విషయమున, అన్నము కొంత తగ్గించి పప్పు, కూరగాయలు, ఆకుకూరలు పెంచవలెను. జొన్నను మరల కంచములోనికి పిలువవలెను. మన ప్రాంతపు మిరపకాయ గుండెకు శత్రువు కాదు. కాని పచ్చళ్లలో దానితో కలిసి వచ్చు ఉప్పు రక్తపు పోటును పెంచును. దినమునకు మనిషికి ఉప్పు ఐదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. ముప్పది దాటిన ప్రతివారును రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. పరగడుపున చక్కెర 126 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్నచో, మరల పరీక్షించి అది మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు. మందు మొదలిడిన పిదప, ఒడలు బాగున్నదని దానిని తమంతట మానరాదు.

బాలబాలికలారా! నవంబరు 14వ తేది మీ పండుగ దినము. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ జన్మదినము కూడ అదియే. అందుచే ఆ దినమునే ప్రపంచ మధుమేహ దినముగా జరుపుదురు. ఆనాడు మీ యింటి పెద్దలను ఒక్క ప్రశ్న అడుగుడు: "మీరు రక్తపరీక్ష చేయించుకొని ఎన్నాళ్లయినది?" వారు కోతలని, పనులని చెప్పి వాయిదా వేయవచ్చును. మీరు మరల అడుగుడు. ఆ రైతు ప్రాణమును నిలిపినది పెద్ద చదువు కాదు. విన్నమాటను మరువని ఒక బాలుని జ్ఞాపకము.

ప్రశ్నలు

1. కంటిని పరీక్షించిన వైద్యుడు రైతును గుండె పరీక్ష చేయించుకొనుమని ఏల చెప్పెను?
2. ఇన్సులిన్‌ను లస్కరుతో పోల్చుటలోని సామ్యమును వివరింపుడు.
3. ఏలూరు, గోదావరి పరిశీలనల సంఖ్యలను నేరుగా ఏల పోల్చరాదు?
4. మీ యింటిలో తాతలనాటి ఆహారమునకు, శ్రమకు, నేటివానికి గల భేదములను పెద్దలనడిగి వ్రాయుడు.