తప్పిన ఫొటోల లెక్క

రూళ్ళ పుస్తకం, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, లాప్‌టాప్. స్టూడియో బాబాయి కెమెరా ఎంపిక మొదలుపెట్టేది వీటితోనే. గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా పెళ్ళి ఫొటోలు తీసిన మనిషి. రోలుకు 36 ఫొటోలే వచ్చే రోజుల్లో పని నేర్చుకున్నారు కాబట్టి, ఏ ఫొటో ఎందుకు పోయిందో రాసిపెట్టుకోవడం ఆయనకు ఒంటబట్టిన అలవాటు. మా నాన్నకు స్నేహితుడు, అలా నాకు బాబాయి. నా దగ్గరున్నది 2013లో వచ్చిన నికాన్ డీ5300 బాడీ. దానికి 18-55 లెన్సు, 35 ఎఫ్/1.8 లెన్సు, రెండేళ్ళు డబ్బు కూడబెట్టి కొన్న 200-500 ఎఫ్/5.6 లెన్సు. ఆదివారం తెల్లారేసరికి ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షులు, మిగతా రోజులు ఇంట్లో నాలుగేళ్ళ కూతురు. నేను తీసేవి ఈ రెండే. బాడీ మార్చాలి. చేతిలో 65 వేలున్నాయి.

ముడిసరుకు పోగవడానికి మూడు నెలలు పడుతుంది. "ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకు నాన్నా, చెడిపోయినవే నాక్కావాలి" అని బాబాయి ముందే చెబుతారు. మూడు నెలలకు కార్డుల్లోంచి కంప్యూటర్లోకి చేరినవి 2,316 ఫ్రేములు: చెరువు దగ్గర 1,702, ఇంట్లో 614.

రెండు సాయంత్రాలు, మొత్తం ఐదు గంటలు, ఒక్కో ఫ్రేము నూరు శాతం సైజుకు పెంచి చూస్తాం. బాగున్నవి దాటేస్తారు. పోయినదానికి ఒక అక్షరం. ఫోకస్ పక్షి కంటి మీద కాక వెనక తుమ్మకొమ్మ మీద పడితే 'ఫో'. కదిలి మసకబారితే 'క'. చుక్కచుక్కలుగా గరుకు తేలితే 'గ్రె'; గ్రెయిన్ అన్న ఫిల్ము కాలపు మాటనే స్టూడియోలవాళ్ళు ఇప్పటికీ వాడతారు. బఫర్ నిండి కెమెరా ఆగిపోయినందువల్ల అసలు క్షణం దాటిపోతే 'బ'. బఫర్ అంటే తీసిన ఫొటోలు కార్డులోకి వెళ్ళేలోపు వేచివుండే గది లాంటిది. నా డీ5300లో 14 బిట్ల రా ఫైళ్ళతో రెండు సెకన్లలోపే అది నిండిపోతుంది. గూడబాతు రెక్కలు ముడిచి గూటి మీద వాలేది సరిగ్గా మూడో సెకనులో.

లెక్క తేలుతుంది. చెరువు దగ్గర పోయినవి 1,088: ఫోకస్ 521, బఫర్ 214, కదలిక 203, గ్రెయిన్ 96, తతిమ్మా 54. ఇంట్లో పోయినవి 392: కదలిక 187, ఫోకస్ 98, గ్రెయిన్ 46. ఇవిగాక 61 ఫొటోల్లో బాబాయి 'ట్యూ', అంటే ట్యూబులైటు, అని రాస్తారు. వరసగా తీసిన నాలుగు ఫ్రేముల్లో ఒకటి పచ్చగా, ఒకటి చీకటిగా, రెండు సరిగ్గా వచ్చి ఉంటాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, దాంతో కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి కనపడని ఆ మినుకు వేగమైన షట్టరుకు దొరికిపోతుంది. ఫంక్షన్ హాళ్ళలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి దాన్ని ఒక్క చూపులో పట్టేస్తారు. ఆ అరవై ఒక్కటీ నా చేతి తప్పే అని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

ఇప్పుడు తప్పుల్ని చేతికి, లెన్సుకు, బాడీకి పంచాలి. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన అంచె ఇదే. పక్షుల్లో కదిలిన 203 ఫొటోల్లో ఎక్కువ భాగం 1/640 దగ్గర తీసినవి. ఎగిరే పక్షికి 1/2000 పెట్టాల్సింది. అది నా తప్పు, నీలం పెన్నుతో కొట్టేస్తారు. ఇంట్లో కదిలిన 187లో 150కి పైగా 18-55 లెన్సును పూర్తిగా జూమ్ చేసి, ఎఫ్/5.6 దగ్గర తీసినవి. అదే చోట 35 ఎఫ్/1.8 పెడితే దాదాపు పది రెట్ల వెలుగు లోపలికొస్తుంది. రాత్రిపూట మా హాల్లో పిల్ల పరుగుకు 1/250 కావాలంటే ఎఫ్/5.6కి ఐఎస్ఓ 12,000 దాకా వెళ్ళాలి. ఎఫ్/1.8కి 1,250 సరిపోతుంది. నా సంచిలో వాడకుండా పడివున్న లెన్సు తీర్చే కష్టానికి కొత్త బాడీ ఎందుకు? మళ్ళీ నీలం గీత. ఎర్రగా మిగిలినవి మూడే: ఫోకస్, బఫర్, దీపాల మినుకు. కొనబోయే బాడీ తీర్చాల్సిన కష్టాలు ఈ మూడే.

సెన్సర్ సైజు సంగతి తేల్చడానికి బాబాయి కత్తెర తీస్తారు. పెళ్ళికార్డు అట్టలోంచి రెండు ముక్కలు కత్తిరిస్తారు: 36 × 24 మిల్లీమీటర్లది ఒకటి, 23.5 × 15.6ది ఒకటి. మొదటిది ఫుల్ ఫ్రేము, రెండోది నా కెమెరాలో ఉండే సైజు, నికాన్ వాళ్ళు డీఎక్స్ అంటారు. పెద్దదాని మీద చిన్నది పెట్టి, చిన్నదాని మధ్యలో పెన్నుతో ఒక చుక్క పెడతారు. "ఇది నీ లకుముకిపిట్ట. లెన్సు అదే, దూరం అదే. అట్ట పెద్దదైతే పిట్ట పెద్దదవుతుందా?" అవదు. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేము ఫొటోను చిన్న అట్టంత మేరకు కత్తిరిస్తే పది మెగాపిక్సెళ్ళే మిగులుతాయి. చీకటి ఇంట్లో ఫుల్ ఫ్రేము ఒక మెట్టు పైచేయే, కానీ నా లెక్కలో గ్రెయిన్ అక్షరాలు తక్కువ. దూరపు పిట్టకు నాకు డీఎక్స్ చాలు.

మిగిలినవి రెండు కెమెరాలు. 2024లో వచ్చిన నికాన్ జెడ్50 టూ అద్దం లేని కెమెరా. అది పక్షిని తనే గుర్తుపట్టి ఫోకస్ చేస్తుంది. బరువు కార్డు, బ్యాటరీతో కలిపి 550 గ్రాములే. లెన్సులేవీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేనైనా దాన్నే చెబుతాను. కానీ నా పాత లెన్సులు దానికి తగిలించాలంటే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కావాలి. రెండూ కలిపి షాపులో చెప్పిన ధర లక్షకు దగ్గర. రెండోది 2016 నాటి డీ500, సెకండ్ హ్యాండ్. ఫోకస్ పాయింట్లు 153. ఫ్రేము ఒక అంచు నుంచి రెండో అంచు దాకా పరుచుకుని ఉంటాయి. నా డీ5300లో 39, అవీ మధ్యలోనే. సెకనుకు పది ఫ్రేములు, రా ఫైళ్ళే వరసగా 200 దాకా పడతాయి, అంటే ఇరవై సెకన్లు. దీపాల మినుకును కనిపెట్టి, వెలుగు నిండుగా ఉన్న క్షణంలోనే షట్టర్ వదిలే ఏర్పాటూ ఉంది. మెగాపిక్సెళ్ళు 20.9, నా పాతదాని 24.2 కన్నా తక్కువే. పుస్తకంలో మెగాపిక్సెల్ చాలలేదన్న అక్షరం ఒక్కటీ లేదు. ఎంపిక డీ500 మీద నిలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ బాడీని పరీక్షించడానికి బాబాయి గంటన్నర తీసుకుంటారు. మొదట చూసినది 55 వేలు. షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందన్న లెక్క, 41 వేలే. పైకి అద్దంలా మెరుస్తోంది. ఆయన లెన్సు తగిలించే ఉంగరం దగ్గర భూతద్దం పెడతారు. స్క్రూలలో రెండింటి తల గాట్లు అరిగి ఉన్నాయి. ఎవరో విప్పారు. వ్యూఫైండర్‌లో ఒక మూల సాలెపోగు లాంటి తెల్లటి తీగ: బూజు. కెమెరాను గుడ్డలో చుట్టి మర్యాదగా తిరిగి ఇచ్చేస్తారు.

రెండోది ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌ది. అడిగేది 62 వేలు. ఫ్లాష్ తగిలించే చోట రంగు లేచిపోయి లోహం కనపడుతోంది, పట్టు రబ్బరు ఒక అంచున కొంచెం ఉబ్బింది. ఇవి బాబాయిని ఏమీ కలవరపెట్టవు. పనిచేసిన కెమెరా అలాగే ఉంటుందంటారు. స్క్రూ తలలు చెక్కుచెదరలేదు. ఒక ఫొటో తీసి లాప్‌టాప్‌లో ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాముతో తెరిస్తే కౌంట్ 86,214. కంపెనీ ఈ షట్టరును రెండు లక్షల సార్లు కొట్టి పరీక్షించింది కాబట్టి సగానికి పైగా ఆయుష్షు ఉన్నట్టే లెక్క. తర్వాత పగటి వెలుగు సమంగా పడే సున్నపు గోడ వైపు తిప్పి, 1/8000 దగ్గర ఆరు సెకన్లు నొక్కి పట్టుకుంటారు. టకటకమని అరవై ఫ్రేములు. వాటిని వేగంగా తిప్పి చూస్తే ఎక్కడా అడ్డచార కనపడకూడదు, ఒక్క ఫ్రేమూ మిగతావాటికన్నా నల్లబడకూడదు. షట్టర్ రెక్కలు అలసిపోతే ముందు తెలిసేది అక్కడే. అరవైకి అరవై ఒకేలా ఉన్నాయి.

లెన్సు మూత బిగించి, ఐఎస్ఓ 1600 దగ్గర పది సెకన్ల ఫొటో. అంతా నలుపు రావాలి. గదిలో వేడి 31 డిగ్రీలు. వేడి పెరిగితే సెన్సర్‌లో తెల్ల చుక్కలూ పెరుగుతాయి కాబట్టి అది కూడా రాసుకుంటారు. నాలుగు చుక్కలు. పర్వాలేదు. తర్వాత తెల్లకాగితం ముందు ఎఫ్/22 పెట్టి, ఫోకస్ తప్పించి, కెమెరా కదుపుతూ ఒకటి. సెన్సర్ మీది దుమ్ము బూడిదరంగు మచ్చలుగా బయటపడుతుంది: తొమ్మిది. చివరిగా గోడకు అంటించిన పేపర్ అక్షరాల మీద, చేత్తో ఎంచుకోవడానికి వీలున్న 55 ఫోకస్ పాయింట్లనూ ఒక్కొక్కటిగా నడిపిస్తారు. దీనికే ఇరవై నిమిషాలు. బేరం 58 వేలకు తెగుతుంది. ఒక ఎక్స్‌క్యూడీ కార్డు, అసలు బిల్లు కలిపి. బిల్లు మీది సీరియల్ నంబరు బాడీ మీది నంబరుతో సరిపోలాకే డబ్బు చేతులు మారుతుంది.

ఇంటికి తెచ్చాక సెన్సర్ శుభ్రం. ముందు బ్యాటరీ నిండా ఛార్జి చేస్తారు, మధ్యలో ఆగిపోతే పైకెత్తిన అద్దం శుభ్రం చేసే బద్ద మీద పడుతుంది. నోరు కిందికి ఉండేలా కెమెరా పట్టుకుని రబ్బరు బుడ్డితో గాలి కొడితే తొమ్మిదిలో ఆరు మచ్చలు పోతాయి. మిగిలినవాటికి 16 మిల్లీమీటర్ల వెడల్పున్న స్వాబ్, అంటే మెత్తటి గుడ్డ చుట్టిన బద్ద. దాని మీద రెండే చుక్కల ద్రవం. ఎడమ నుంచి కుడికి ఒకే గీత, బద్ద తిప్పి కుడి నుంచి ఎడమకు ఇంకొకటి. ఊపిరి బిగబట్టి నాలుగు సెకన్లలో ముగిస్తారు. ఖర్చు 900.

తర్వాతది బాడీని లెన్సుకు అతకడం, ఫైన్ ట్యూన్. అద్దం ఉన్న కెమెరాలో ఫోకస్ కొలిచే చోటు వేరు, ఫొటో పడే చోటు వేరు. రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా కన్ను పోయి రెక్క తేలుతుంది. నా 521 'ఫో'ల్లో కొన్నింటికి ఇదే కారణం అయుండాలి, డీ5300లో ఈ సవరణే లేదు. పొద్దున ఏడింటికి డాబా ఎక్కుతాం. తొమ్మిది దాటితే స్లాబు వేడెక్కి, 500 మిల్లీమీటర్ల లెన్సులో గాలి నీళ్ళలా కదులుతుంది. టేపుతో కొలిచి పన్నెండున్నర మీటర్ల దూరంలో అట్టకు అంటించిన పేపర్, పక్కన 45 డిగ్రీల వాలులో స్కేలు. ఆ దూరంలో ఎఫ్/5.6 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 14 సెంటీమీటర్లే. లైవ్ వ్యూలో ఫోకస్ చేసి, ఏఎఫ్ బటన్, వీడియో బటన్ కలిపి రెండు సెకన్ల పైన నొక్కితే కెమెరా తేడాను తనే కొలిచి అంకె చెబుతుంది. బాబాయి ఒక్క అంకెను నమ్మరు. ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్ళీ కొలుస్తారు: మైనస్ 4, 6, 5, 5, 7, 4, 5, 6, 3, 5. పదింటి సగటు మైనస్ 5, అదే నిలుపుతారు. స్కేలు ఫొటోలో, ఇందాక రెండు అంగుళాలు వెనక్కి పడుతున్న పదును ఇప్పుడు గీసిన గీత మీదే కూర్చుంటుంది. 35 లెన్సుకు మీటరున్నర దూరంలో మళ్ళీ అదే పని. దానికి ప్లస్ 2.

పక్షులకు ఒక బ్యాంకు, ఇంటికి ఒక బ్యాంకు. బ్యాంకు అంటే ఫొటో సెట్టింగులు ఒక పేరు కింద దాచుకునే అర. మొదటిదాంట్లో 1/2000, ఐఎస్ఓ గరిష్ఠం 6400. రెండోదాంట్లో 1/250, మినుకు సవరణ ఆన్. కొత్త బ్యాటరీకి 4,200. పాత బాడీ 14 వేలకు వెళ్ళింది కాబట్టి నా చేతినుంచి పోయింది 49,100. గుంటూరు ఉక్కలో బూజు పట్టకుండా గాలి చొరని డబ్బాలో, తేమ 45 శాతం దగ్గర ఉంచుతున్నాను.

మొదటి ఆదివారం ఆరుంపావుకు ఉప్పలపాడు. లెన్సుతో కలిపి మూడు కిలోల పైనే, మోచేయి డొక్కకు ఆనించి పట్టుకుంటాను. గూడబాతు ఒకటి చెరువు దాటి వచ్చి, పాదాలు ముందుకు చాచి, తుమ్మచెట్టు మీద వాలుతుంది. నాలుగు సెకన్లు నొక్కి పట్టుకున్నా కెమెరా ఆగదు. సాయంత్రం బాబాయి రూళ్ళ పుస్తకంలో కొత్త పేజీ తీసి తేదీ వేస్తారు. చెరువు ఫ్రేములు 310, 'ఫో' 38, 'బ' లేదు. తర్వాత మా హాల్లో దీపం వెలుగులో మంచం మీంచి దూకుతున్న పిల్ల ఫొటో తెరుచుకుంటుంది. రంగు సమంగా ఉంది, కన్ను పదునుగా ఉంది. గాల్లో లేచిన జడ కొస దగ్గర బాబాయి పెంచి చూసి, ఎర్ర పెన్ను అందుకుని 'క' అని రాస్తారు.

"1/250 చాల్లేదు నాన్నా. రేపు 1/400 పెట్టు."